నిశ్శబ్దానికి మునాది

ఆ గురువారం పొద్దున సాయిశ్రీకి కావాల్సింది ఒక్కటే. మధ్యాహ్నం భోజనాల దాకా దోర్నపాల్ బజారు గల్లీలో ఎవరూ గట్టిగా అడుగు వెయ్యకూడదు. అంతే. ఇందుకోసం దేవుణ్ణి కూడా అడగలేదు. ఆయన్ని అడగాలంటే గుడిగంట కొట్టాలి, ఆ గంట కూడా రికార్డవుతుంది.

గల్లీ చివర పంచాయతీ స్థలంలో రెండు వందల మీటర్ల లోతు బోరు ఒకటుంది. నీళ్ల బోరు కాదు, నీళ్లు ఎక్కడున్నాయో వెతకడానికి వేసిన బోరు. ఊళ్లో సగం చేతిపంపులు ఎర్రనీళ్లు పోస్తాయి, మిగతా సగం ఏమీ పొయ్యవు. ఆ బోరులోకి ఫైబర్ కేబుల్ దించి, చుట్టూ సిమెంటు పోసి బిగించారు. పైన కేబుల్ చివర ఒక డబ్బా. ఆ డబ్బా కేబుల్లోకి లేజర్ వెలుగు పంపిస్తూనే ఉంటుంది. నేలమీద సుత్తి బండి ధబ్‌మని ఒక దెబ్బ వేస్తే ఆ అదురు రాళ్లలోంచి వెళ్లి కేబుల్‌ని వెంట్రుకవాసి కన్నా తక్కువ సాగదీస్తుంది. వెలుగు తేడాగా తిరిగొస్తుంది. ఎంత లోతులో ఎప్పుడు అదిరిందో లెక్కేసుకుంటూ పోతే, కింద రాయి ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ పగిలి నీళ్లు పట్టిందో బొమ్మ కట్టొచ్చు. డాక్టరు కడుపు మీద పెట్టి చూసే స్కానింగ్ లాంటిదే. కాకపోతే ఈ పేషెంటు కడుపు మీద ఊరు కాపురం ఉంటోంది.

డబ్బా అసలు పేరు ఇంటరాగేటర్, అంటే విచారణ చేసేది. పోలీసులూ అన్నలూ ఇద్దరూ తిరిగే సుక్మా జిల్లాలో ఆ మాట పైకి అనడం అంత మంచిది కాదని, సాయిశ్రీ మొదటిరోజే దానికి 'డబ్బా' అని పేరు పెట్టేసింది.

సుత్తి బండి సాయంత్రానికల్లా మల్కన్‌గిరి వెళ్లిపోవాలి. ఈలోపు మంచి రికార్డు చేతికొస్తే మిగతా ఊళ్లలో బోర్లన్నీ సాయిశ్రీవే. రాకపోతే మళ్లీ హైదరాబాద్ ఆఫీసు, ఏసీ కింద సీటు, వేరేవాళ్లు గీసిన బొమ్మల కింద వివరాలు టైపు చేసే ఉద్యోగం. ఎంటెక్ చదివింది అందుకు కాదని ఆమె అభిప్రాయం. జగదల్‌పూర్‌లో కూర్చునే బాస్ ఉమామహేశ్ మాత్రం విషయాన్ని చాలా మర్యాదగా చెప్పాడు. "నీ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది సాయిశ్రీ. అందుకే ఒక్క ఛాన్స్ ఇస్తున్నా."

సాయిశ్రీది కోంటా. దోర్నపాల్‌లో మేనమామ పుల్లయ్యకి కిరాణా కొట్టుంది కాబట్టి అక్కడే దిగింది. పొద్దున ఇడ్లీల దగ్గర మెల్లగా విషయం ఎత్తింది.

"మామయ్యా, చిన్న సాయం. మధ్యాహ్నం దాకా పిండి గిర్నీ ఆపిస్తవా? గల్లీల బండ్లు తిప్పొద్దని నలుగురికీ చెప్పు."

పుల్లయ్య ఇడ్లీ ముక్కని చట్నీలో ముంచి అలాగే పట్టుకున్నాడు. "అంటే ఇయ్యాల కనెక్షన్ ఇస్తున్నరన్నట్టు."

"కనెక్షన్ కాదు మామయ్యా. ఎన్నిసార్లు చెప్పిన? అది నెట్ కేబుల్ కాదు."

"ఫైబర్ కాదా?"

"ఫైబరే."

"లోపల లైటు పోదా?"

"పోతది."

"మరింకేంది!"

ఇంత సరైన ప్రశ్నలడిగి ఇంత తప్పు జవాబుకి చేరుకోగలిగిన మనిషి ఇంకొకడు ఉండడు. కేబుల్ చుట్ట లారీలోంచి దిగిన రోజే పుల్లయ్య నిర్ణయానికొచ్చేశాడు. ఆయన లెక్క ఆయనకుంది. హైవే పక్కన ఎన్నేళ్లుగానో కేబుళ్లు పాతుతూనే ఉన్నారు, రోడ్డు పనికి వచ్చిన జేసీబీ ప్రతిసారీ వాటిని తెంపుతూనే ఉంది. సిగ్నల్ కావాలంటే ఊరు మొత్తం గుట్ట ఎక్కుతూనే ఉంది. "ఈసారి తెలివైనోళ్లు వచ్చిన్రు. రెండు వందల మీటర్ల కింద దాచిన్రు. ఇంక ఏ జేసీబీ తెంపుతదో చూస్త" అని అందరికీ చెప్పుకుంటున్నాడు. మేనకోడలు కాదంటోందంటే అది ఆఫీసు రహస్యం. రహస్యం దాచడం కోడలి గొప్పతనం. కొట్టు పక్కన ఉప్పు బస్తాల గోదాం ఖాళీ చేయించి, నీలం రంగు వేయించి, 'పుల్లయ్య ఆన్‌లైన్ సెంటర్' అని బోర్డు కూడా పెట్టించాడు. కంప్యూటర్ ఇంకా రాలేదు. గిరగిర తిరిగే కుర్చీ మాత్రం వచ్చింది.

వంటింట్లోంచి అత్త జ్ఞానప్రసూన తొంగి చూసింది. "ఏమే శ్రీ, ఆ తీగ మనుషుల అడుగులు గూడ పట్టుకుంటదన్నవు?"

"పట్టుకుంటది అత్తా. అందుకే నడవొద్దంటున్న."

"మీ మామ దినం తప్పి దినం సరుకు కోసం సుక్మా పోతున్నన్నంటడు. ఆ అడుగులు బస్సు దిక్కు పోతున్నయో, కోళ్ల పందెం దిక్కు పోతున్నయో అది గూడ తెలుస్తదా?"

పుల్లయ్యకి ఇడ్లీ అడ్డం పడింది. మంచినీళ్లు తాగి, చెయ్యి కడిగీ కడగకుండానే లేచాడు. "నేను పోయి నలుగురికీ చెప్పొస్త" అని చెప్పులేసుకుని బయటపడ్డాడు.

బోరు దగ్గర అంతా ప్రశాంతంగా ఉంది. గిర్నీ ఆగింది. కుక్కలు కూడా సహకరిస్తున్నాయి. సుత్తి బండి మీద డ్రైవర్ మంగు సిద్ధంగా ఉన్నాడు. సాయిశ్రీ చెయ్యెత్తింది, మంగు మీట లాగాడు. ధబ్. స్క్రీన్ మీద పైనుంచి కిందికి ఒక గీత, దాని వెనకే రాళ్లని తాకి తిరిగొచ్చిన సన్న గీతలు, కొత్త చీర అంచులా తీరుగా పరుచుకున్నాయి. ఆమెకి కళ్లు చెమర్చినంత పనయింది. ఇలాంటి దెబ్బలు ఇంకో యాభై పడితే చాలు.

"ఇంకోటి కొట్టాల్నా మేడం?"

"ఆగు." స్క్రీన్ మీద ఏదో బూజులాంటిది కమ్ముకుంటోంది. గీతలన్నీ వణుకుతున్నాయి. ఏదో బండి, గతుకుల మీద. దాంతోపాటు ఏదో మోత. ఆమె తల తిప్పేసరికి గల్లీ మలుపులోంచి మైకు కట్టిన ఆటో వచ్చింది.

పెద్ద సంగతి ఏదైనా ఉంటే ఊళ్లో మునాది వేయించడం ఇక్కడి పద్ధతి. రేషన్ వచ్చినా మునాదే, టీకాలొచ్చినా మునాదే. ఆటో ముందు సీట్లో డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చుని, హిందీ, తెలుగు, ఇక్కడి గిరిజనుల దొర్లీ ఒకదాని వెంట ఒకటి కలిపి పుల్లయ్యే స్వయంగా చదువుతున్నాడు.

"సునియే సునియే! దోర్నపాల్ ప్రజలారా! ఇయ్యాల మన బోరు కాడ ఫైబర్ టెస్టింగ్! నా సొంత మేనకోడలు సాయిశ్రీ మేడం చేతుల మీదుగా! ఎవ్వరూ బోరు దగ్గరికి రావొద్దు! అడుగుల చప్పుడు చెయ్యొద్దు! అక్కడ ఏం జరుగుతుందో చూద్దామని గుమిగూడొద్దు!"

అక్కడ ఏం జరుగుతుందో చూద్దామన్న ఆలోచన అప్పటిదాకా ఊళ్లో ఎవరికీ లేదు.

సాయిశ్రీ పరుగెత్తుకెళ్లి ఆటోకి అడ్డం నిలబడింది. "మామయ్యా! నలుగురికి చెప్పమన్న గదా!"

"నలుగురికే చెప్తే మిగిలినోళ్లు బాధపడరా? రేపు కొట్టుకు వచ్చి 'సేట్, మాకు చెప్పలేదే' అంటే నేనేం జవాబివ్వాలె?"

వెనక్కి తిరిగొచ్చేసరికి బోరు చుట్టూ జనం. అన్యాయంగా మాట్లాడకూడదు, వాళ్లంతా మునివేళ్ల మీద నిలబడ్డారు. చంటిపిల్లల నోళ్లు మూసి పట్టుకున్నారు. అందరూ ఫోన్లు మాత్రం గాల్లోకి ఎత్తి పట్టుకుని, సిగ్నల్ గీతలకేసి చూస్తున్నారు.

ముందు వరసలో సర్పంచ్ హుంగే ఉంది. చంకలో తువ్వాల్లో చుట్టిన రేషన్ మెషిన్. వేలిముద్ర పడితేనే బియ్యం, నెట్ ఉంటేనే వేలిముద్ర, గుట్ట ఎక్కితేనే నెట్. ప్రతినెలా ఊళ్లో ముసలమ్మలందర్నీ గుట్ట ఎక్కించి దింపే పని ఆమెదే.

"మేడం, ముందు దీనికి పెట్టు కనెక్షన్" అంది హుంగే గుసగుసగా. "ముసలోళ్లు ఎక్కలేక పోతున్నరు. పోయిన నెల ఒకామెను నేనే ఎత్తుకుపోయిన."

సాయిశ్రీకి కోపం సగం దిగిపోయింది. "అక్కా, ఇది నెట్ కాదక్కా. నీళ్లు వెతికే తీగ. నేల మీద అడుగు పడితే దీనికి తెలుస్తది, అంతే. కావాలంటే చూడు." అర్థమయ్యేలా చెప్పాలన్న మంచి ఉద్దేశంతో, ఆ రోజు తను చేసిన అతిపెద్ద తప్పు చేసింది. కాలెత్తి నేల మీద ఒక్కటి తన్నింది. స్క్రీన్ మీద గీత ఎగిరిపడింది.

"వచ్చింది!" అని ఎవరో అరిచారు. "సిగ్నల్ వచ్చింది!"

ఆ తర్వాత మునివేళ్ల సంగతి అందరూ మర్చిపోయారు. నాది చూడు అంటే నాది చూడమని తోసుకున్నారు. కోస అనే ఆయన మీసం దువ్వుకుని వచ్చి, రెండు కాళ్లతో గెంతాడు. గీత కొంచెం లేచింది. వాళ్లావిడ సన్నే నెత్తిమీద గంప కూడా దించకుండా ఒక్క అడుగు వేసింది. గీత ఆయన గీతకి రెండింతలు లేచింది.

"ఇంట్ల గూడ ఇంతే" అన్నాడెవరో. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వు కూడా రికార్డయింది. కోస పరువు కోసం మళ్లీ గెంతాడు. కోస తమ్ముడు గెంతాడు. ఫోన్లో గీతలు రాలేదేమని అడిగినవాడికి, "మొదటిరోజు గదా, స్పీడ్ తక్కువుంటది" అని పుల్లయ్య మైకులోనే సర్దిచెప్పాడు.

సూర్యుడు నడినెత్తికొస్తున్నాడు. సాయిశ్రీ మామయ్య చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "మామయ్యా, నీ కాళ్లు మొక్కుత. వీళ్లందర్నీ ఇక్కడ్నించి తీస్కపో. నా ఉద్యోగం పోతది."

మేనకోడలి కళ్లల్లో నీళ్లు చూసి పుల్లయ్య నిజంగానే కదిలిపోయాడు. "అయ్యో, ముందే చెప్పొద్దా తల్లీ! ఎక్కడికి తీస్కపోవాలె?"

"ఎక్కడికైనా సరే."

"నా సెంటర్ కాడికైతే?"

"పో!"

"ఉత్తగ రమ్మంటే ఎవరొస్తరు? డోలు ఉండాలె."

డోలు వచ్చింది. ఒకటి కాదు, నాలుగు. డోలు మోగాక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆడవాళ్లు ఒకళ్ల నడుం చుట్టూ ఒకళ్లు చేతులేసి వరసకట్టారు. వెనక మగవాళ్లు. ఒక అడుగు ముందుకి, ఒకటి పక్కకి, మళ్లీ ముందుకి. వందమంది కాళ్లు, ఒక్కటే దెబ్బ. ఆ వరస బోరు దగ్గర మొదలై, బజారు గల్లీ పొడుగునా మెల్లగా దూరం జరుగుతూ పోయింది. స్క్రీన్ మీద నలుపు తప్ప ఇంకేం కనబడలేదు. సాయిశ్రీ అటు చూడటం మానేసింది. పోనీ, దూరం వెళ్తున్నారు కదా, ఇప్పుడైనా నాలుగు దెబ్బలు కొట్టిద్దామని సుత్తి బండి వైపు తిరిగింది.

సీటు ఖాళీగా ఉంది. మంగు వరసలో ఉన్నాడు, మూడోవాడు. చాలా బాగా ఆడుతున్నాడు.

సరిగ్గా అప్పుడే గల్లీ అవతలి చివర ఉమామహేశ్ జీపు ఆగింది. పని ఎలా నడుస్తోందో చూద్దామని చెప్పాపెట్టకుండా జగదల్‌పూర్ నుంచి వచ్చి, జీపు దిగి గల్లీలోకి నడిచాడు. ఇస్త్రీ చొక్కా, నల్లకళ్లద్దాలు, చేతిలో ఫైలు. 'పుల్లయ్య ఆన్‌లైన్ సెంటర్' ముందు రిబ్బన్ కట్టి, కత్తెర పట్టుకుని, ఎవరి చేత కత్తిరించాలా అని చూస్తున్న పుల్లయ్యకి అంతకన్నా ఏం కావాలి?

ఉమామహేశ్‌కి ఇన్నేళ్ల సర్వీసులో మెడలో దండ పడటం అదే మొదటిసారి. అద్దాలు తీసేశాడు. ఇదేంటని అడుగుదామనుకున్నాడు గాని, అప్పటికే రెండో దండ పడింది. రిబ్బన్ కత్తిరించాడు. మైకు ఇస్తే పుచ్చుకున్నాడు. బోరు దగ్గర కూర్చున్న సాయిశ్రీకి బాస్ గొంతు స్పష్టంగా వినిపించింది. "భాయియో బెహనో! హండ్రెడ్ పర్సెంట్ ఆయేగా!"

ఏం వస్తుందో ఆయన చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

తర్వాత ఆయన్ని కూడా వరసలో కలుపుకుని, వెళ్లిన దారినే, అదే అడుగుతో, అదే డోలుతో మళ్లీ బోరు దాకా ఆడుకుంటూ తీసుకొచ్చారు. చెమటలు కక్కుతూ, మెడనిండా బంతిపూలతో ఉమామహేశ్ సాయిశ్రీ ముందు నిలబడ్డాడు.

"ఎన్ని షాట్లయ్యాయి?"

"ఒకటి సర్."

"ఒకటా!"

"చాలా బాగొచ్చింది సర్."

మంగు ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. "మేడం, నేను బయల్దేరాలె. మల్కన్‌గిరి వాళ్లు తిడతరు." సుత్తి బండి వెళ్లిపోయింది. ఉమామహేశ్‌కి గట్టిగా అరవాలనే ఉంది. కానీ హుంగే ఆయన చేతిలో ఇప్పపూల లడ్డూ పెట్టి, తినేదాకా కదలనట్టు ఎదురుగా నిలబడింది. లడ్డూ నములుతూనే అన్నాడు. "సోమవారం ఆఫీసుకి రా. సామాన్లతో రా."

డబ్బా ఆపుదామని వంగినప్పుడు చూసింది సాయిశ్రీ. పొద్దున్నించి దాన్ని ఎవరూ ఆపలేదు. ఊరంతా అందులో ఉంది.

ఆదివారం పెట్టె సర్దుతూ, ఆ ఫైల్ని చెరిపేసే ముందు ఒకసారి తెరిచింది. పెద్ద ఉద్దేశం ఏమీ లేదు, కోపంలో ఒకసారి తిట్టుకోవడానికి. తిట్టుకుంటూనే చూపు ఒకచోట ఆగిపోయింది. నలుపు అనుకున్నది నలుపు కాదు. దగ్గరికి లాగి చూస్తే గీతలు. ఒకే తాళం, ఒకే బరువు, కొంచెం కొంచెంగా బోరు నుంచి దూరం జరుగుతూ. మళ్లీ అదే దారిలో దగ్గరికొస్తూ. పాఠం చెప్పిన ప్రొఫెసర్ బోర్డు మీద గీసి, "ఇది ఆదర్శం, ఫీల్డులో దొరకదు" అన్న బొమ్మ సరిగ్గా ఇదే. సుత్తి బండి ఆ ఇరుకు గల్లీలోకి దూరదు. దాని ప్లాన్‌లో ఉన్నవి రెండే రెండు చోట్లు. ఈ వరస మాత్రం గల్లీలో ప్రతి జానెడు నేల మీదా దెబ్బ వేసింది, రానూ పోనూ.

పెట్టె అలాగే వదిలేసి కూర్చుంది. అడుగుల తాళాన్ని పట్టుకుని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే, కింద రాయి బయటపడింది. గల్లీ మధ్యలో ఒకచోట గీతలన్నీ ఒక్కసారి జారి, నీరసంగా లేచాయి. పగిలిన రాయి, వెడల్పుగా, నిండా నీళ్లతో. పైన ఏముందా అని ఊరి మ్యాపు తెచ్చి పక్కన పెట్టుకుంది. చాలాసేపు నవ్వాలో వద్దో తెలియలేదు.

సోమవారం ఉమామహేశ్ ఆ బొమ్మని ఎటు తిప్పినా తప్పు దొరకలేదు. "ఇంత క్లీన్‌గా ఎలా వచ్చింది? అదురుకి సోర్స్ ఏం వాడావు?"

"లోకల్‌గా దొరికేదే సర్."

ఆయనకి మెల్లగా వెలిగింది. గొంతు తగ్గించాడు. "అంటే ఇందులో నేను కూడా ఉన్నానా?"

"ఉన్నారు సర్. మీరొక్కరే తాళం తప్పారు. ఫిల్టర్ చేసి తీసేశాను."

సామాన్ల ఊసు మళ్లీ రాలేదు. మిగతా బోర్లన్నీ సాయిశ్రీకే ఇస్తూ ఆర్డర్ వచ్చింది. తర్వాతి ఊరు గొల్లపల్లి. 'దోర్నపాల్‌లో వాడిన సోర్స్‌నే అక్కడా వాడవలెను' అని కింద ప్రత్యేకంగా గీత గీసి మరీ రాశాడు ఉమామహేశ్.

చిక్కల్లా దోర్నపాల్‌లోనే వచ్చింది. నీళ్ల బోరు వెయ్యాల్సిన చోటు పుల్లయ్య ఆన్‌లైన్ సెంటర్ లోపల, తిరిగే కుర్చీ ఉన్న చోటికి ఒక మూర అవతల. గల్లీ ఇరుకు, విడిభాగాలుగా తెచ్చి బిగించే చిన్న యంత్రం నిలిపే జాగా కూడా బయట లేదు. గోడ తియ్యాల్సిందే.

"నా సెంటర్ల బోరా!" పుల్లయ్య గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. "సచ్చినా ఒప్పుకోను. ఊరంతటికీ నా సెంటరే దొరికిందా?"

హుంగే బతిమాలింది. పంచాయతీ వాళ్లు వేరేచోట కొత్త గది కట్టిస్తామన్నారు. పుల్లయ్య కదల్లేదు. చివరికి జ్ఞానప్రసూన చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"వద్దంటే వద్దులే, ఆయన ఇష్టం" అంది శాంతంగా. "నాకు మాత్రం కోడలు కంప్యూటర్ల అంతా చూపించింది. ఆ తీగ గురువారం ఒక్కరోజే కాదంట విన్నది. దించిన కాడ్నించి వింటనే ఉన్నదంట. ఎవరి అడుగులు సుక్మా బస్సు దిక్కు పోయినయో, ఎవరివి కోళ్ల..."

సాయిశ్రీ అత్తకి ఏమీ చూపించలేదు. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచేలోపే పుల్లయ్య లేచి, తిరిగే కుర్చీని రెండు చేతులా ఎత్తుకుని తనే బయట పెట్టాడు. "ఊరి మంచి కోసం ఆ మాత్రం చెయ్యకపోతే ఎట్ల?" అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

నీళ్లు పడ్డాయి. ఎర్రటివి కాదు, గాజులాంటివి. మర్నాటి నుంచి పొద్దున్నే 'పుల్లయ్య ఆన్‌లైన్ సెంటర్' బోర్డు కింద బారెడు లైను. బోర్డు పెట్టించిన రోజు నుంచీ పుల్లయ్య కలగన్న లైను అదే. బిందెలు మాత్రం కలలో లేవు. ఆయన తిరిగే కుర్చీని నీడలో వేసుకుని కూర్చుని, "తోసుకోకున్రి, లైన్ల రాండ్రి, అందరికీ అందుతది" అని అటూ ఇటూ తిరుగుతూ అజమాయిషీ చేస్తున్నాడు. ముఖంలో వెలుగు చూస్తే సెంటర్ పోయిందని ఎవరూ అనుకోరు.

గొల్లపల్లి జీపు ఎక్కబోతూ సాయిశ్రీ మామయ్యకి చెప్పి వెళ్దామని ఆగింది. హుంగే వంతు వచ్చింది. బిందె నింపి పక్కన పెట్టి, దోసిలి పట్టి తాగింది. చంకలో తువ్వాల్లో చుట్టిన రేషన్ మెషిన్ అలాగే ఉంది. వెనక ముసలమ్మలు గుట్ట వైపు చూస్తూ నిలబడ్డారు.

"నీళ్లు మస్తున్నయ్ సేట్" అంది హుంగే మూతి తుడుచుకుని. "ఇగ నెట్టుకు ఎక్కడ బోరెయ్యాలె?"

పుల్లయ్య కుర్చీని మెల్లగా మేనకోడలి వైపు తిప్పాడు.